పొగ రాని రోజులు

దీవి, రేవు ఎదుటి బస, పన్నెండో గది
శనివారం

ఒరేయ్ స్పానరూ,

బుధవారం చేరాం. ఆ మాట అమ్మాయికే వర్తిస్తుంది. నేను చేరలేదు, నన్ను చేర్చారు. మూడు గంటల ప్రయాణంలో నేను కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటే, పడవవాడు ధ్యానం చేసుకుంటున్నాననుకుని పక్కవాళ్ళని మెల్లగా మాట్లాడమన్నాడు. మర్యాదస్థుడు.

తుఫాను ఈ దీవిని మామూలుగా ఉతకలేదు. ఉతికి, పిండి, ఆరేయకుండా వదిలేసింది. ఈ బసలో ఒకటి నుంచి తొమ్మిది వరకూ గదులకి పైకప్పు లేదు. పదికి తలుపు లేదు. పదకొండో గది కిటికీలోంచి ఒక పడవ ముక్కు లోపలికి దూరి ఉంది, ఎవరున్నారో చూసి పోదామని వచ్చినట్టు. పన్నెండో గది మాది. ఫోను టవరు నడుం విరిగి సముద్రంలో పడుకుంది కాబట్టి నీకు ఈ ఉత్తరం. బుధవారం, శనివారం పడవ వస్తుంది. అదే టపా, అదే సరుకు, అదే లోకం.

నేనెందుకొచ్చానని నువ్వు ఇప్పటికీ నవ్వుతూనే ఉంటావు. నీ మనవరాలు మూడేళ్ళుగా కళ్ళద్దాల దుకాణంలో ఊళ్ళోవాళ్ళ కళ్ళు పరీక్షించి, పరీక్షించి, తన కళ్ళతో సముద్రం అడుగు చూడాలని నెల రోజులు సెలవు పెట్టింది. తుఫాను వచ్చినా మానలేదు. పగడాల మధ్య ఇరుక్కున్న రేకులూ తాళ్ళూ ఏరడానికి మనుషులు కావాలన్నారట, ఇంకా హుషారెక్కింది. పెద్దదిక్కు ఒకరు వెంట ఉండాలన్నారు ఇంట్లో. మీ అక్కకి మోకాళ్ళు. సముద్రమంటే చస్తానని తెలిసి కూడా నన్నే పంపింది. కాపలాకి భయపడేవాడే మంచివాడట.

రోజూ పది గంటలకి అమ్మాయి చెప్పులు విడిచి నా చేతికిస్తుంది. విరగ్గా మిగిలిన రేవు బల్ల మీద ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. నలభై నిమిషాలు. బుడగలు లెక్కపెడతాను. రెండు బుడగల మధ్య ఎంతసేపైతే అంతసేపు నేనూ ఊపిరి తీసుకోను. నిన్న పక్కనున్న ముసలావిడ నా మొహం చూసి మంచినీళ్ళు తెచ్చింది.

నీకు నచ్చే మనిషి ఒకాయన ఉన్నాడిక్కడ. సిలిండర్లలో గాలి నింపే ఆయన. మేము గాలాయన అంటాం. డైవింగ్ నేర్పే పంతులమ్మ ఆయన భార్యే. ఆయన పని చూస్తే నువ్వే గుర్తొచ్చావు. సిలిండరు నింపాక కొంచెం గాలి తెల్లగుడ్డ మీదికి వదిలి, మరక పడిందేమో చూస్తాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. అచ్చం నువ్వే! రేవులో నువ్వు అలా చేస్తుంటే క్రేను మీద నుంచి చూసి, వీడు గాలిని కూడా రుచి చూసి అమ్ముతాడ్రా అనుకునేవాణ్ణి. కరెంటు లేదు గనక జనరేటరు మీద బతుకుతున్నారు. దాని షెడ్డు ఎగిరిపోతే తెచ్చి ఆయన గాలి నింపే గది వెనక, కిటికీ కింద, టార్పాలిన్ కప్పి పెట్టారు. ఆ పొగ మా భోజనాల గదిలోకొచ్చి కళ్ళు మండిస్తుంది. నేను ఏడుస్తూ తింటున్నానని వంటాయనకి బాధ.

ముప్పై ఒక్క ఏళ్ళయింది. మా తమ్ముడు రేవులో నీళ్ళ కిందికి దిగడం క్రేను గదిలోంచి చూశాను. ఎక్కడం చూడలేదు. ఈ మాట ఎత్తితే నువ్వు లేచి పక్కగదిలోకి పోతావు. ఉత్తరంలోంచి లేచిపోలేవుగా, అందుకని రాస్తున్నాను.

మీ బావ

❖

వర్క్‌షాపు వెనక గది
బుధవారం

బావా,

ఉత్తరం అందింది. అక్క మోకాళ్ళు ఫర్వాలేదు. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం.

ఊరికే, పని మీద ఆసక్తి కొద్దీ అడుగుతున్నాను. సిలిండర్లు నింపే ఆ కంప్రెసరుకి బయటి గాలి పీల్చుకునే గొట్టం ఒకటుంటుంది. దాని మూతి ఎక్కడుంది? కిటికీలోంచి బయటికా, పైకప్పు మీదికా? జనరేటరు పొగగొట్టానికి ఎన్ని అడుగుల దూరం? పొగ రోజూ మీ భోజనాల గదిలోకే వస్తోందా, కొన్ని రోజులు రావడం లేదా? రాని రోజులు గుర్తుంటే రాయి.

అమ్మాయి ఎలా ఉంది? పైకి వచ్చాక తలనొప్పి గానీ, వాంతి వచ్చేట్టు ఉండడం గానీ? ఉంటే ఏ రోజు?

నాలుగు రోజులు నీళ్ళలోకి దిగొద్దని చెప్పు. జలుబు చేస్తుందనో, నీకు ఒంట్లో బాగాలేదనో ఏదో ఒకటి చెప్పు. అబద్ధాలాడటం నీకు కొత్తా?

పడవకి వెంటనే జవాబు రాయి. అక్కకి ఏమీ రాయకు.

నీ బావమరిది

❖

దీవి, పన్నెండో గది
శనివారం

స్పానరూ,

ఉత్తరమా, పోలీసు వాంగ్మూలమా ఇది! దీవి అందంగా ఉందా అని అడగలేదు. చేపలు చూశావా అని అడగలేదు. గొట్టం మూతి ఎక్కడుందని అడిగావు. మనుషులు తాజాగా పూసిన పూలకోసం తోటకి పోతే నువ్వు కుళాయి వాషరు చూసొచ్చే రకం.

అయినా అడిగావు కాబట్టి కొలిచాను. టేపు లేదు, అమ్మాయి చెప్పుతో కొలిచాను. గొట్టం మూతి కిటికీలోంచి జానెడు బయటికుంది. దాని కింద జనరేటరు పొగగొట్టం. మధ్య ఏడు చెప్పుల దూరం. చెప్పుతో గోడని కొలుస్తుంటే గాలాయన చూసి, నాకేదో అయిందని వాళ్ళావిడకి సైగ చేశాడు.

పొగ సంగతి. రోజూ రాదు. మొన్న సోమవారం, గురువారం గాలి తిరిగింది. పొగ గాలి గది వైపుకి పోయింది. ఆ రెండు పూటలూ ప్రశాంతంగా, కళ్ళు తుడుచుకోకుండా భోంచేశాను. మిగతా రోజుల్లో మామూలు ఏడుపే.

తలనొప్పి... నువ్వెలా కనిపెట్టావో గానీ, ఉంది. సోమవారం పైకొచ్చి కణతలు పట్టుకుని కూర్చుంది. గురువారం వాంతి చేసుకుంది. బడిపంతులొకాయన మాతో పాటే వచ్చాడు. అదే గురువారం నీళ్ళ పైకి వచ్చీ రాగానే సొమ్మసిల్లాడు. ఆయనకి సముద్రం పడలేదన్నారు. ఈ పడవకే ఇంటికి పోతున్నాడు. ఇప్పుడిక అమ్మాయి, పంతులమ్మ ఇద్దరే దిగుతున్నారు.

నాకు భయంగా ఉందిరా. వేళాకోళం పక్కనపెట్టి చెబుతున్నాను. వచ్చే బుధవారం పొద్దున వీళ్ళు మునిగిన ఓడ చూడ్డానికి పోతున్నారు. నూరడుగుల లోతట. ఇప్పటిదాకా దిగింది ముప్పై. పంతులమ్మ బల్ల మీద ఓడ బొమ్మ గీసి, ఇక్కడ తలుపు, ఇక్కడ మెట్లు అని చెబుతుంటే అమ్మాయి కళ్ళు ఎలా మెరిశాయో! ఆ కళ్ళలోకి చూసి, వెళ్ళకమ్మా అని ఏ మొహంతో చెప్పను? ఎందుకు తాతయ్యా అంటే? నాకు భయం గనక అని చెప్పనా? నా భయం ముప్పై ఒక్క ఏళ్ళ ముసలిది. దాన్ని తీసుకెళ్ళి ఆ పిల్ల మెడకి కట్టలేను.

కారణం చెప్పు, ఆపుతాను. కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను. కారణం లేకుండా జలుబు సాకు చెప్పమంటే నా వల్ల కాదు. నీకేదో తెలుసు. ఉత్తరంలోంచి లేచిపోలేవన్నాను గానీ, నువ్వు ఉత్తరంలో కూర్చుని కూడా పక్కగదిలోనే ఉన్నావు.

మీ బావ

❖

రేవు, పడవల వెయిటింగ్ షెడ్డు
బుధవారం, పొద్దున ఏడు

బావగారికి,

ముందు ఈ పేరా చదివి, చెప్పింది చేసి, మిగతాది తర్వాత చదవండి.

అమ్మాయి దిగకపోతే దిగనివ్వకండి. దిగిపోయి ఉంటే ఊరికే పైకి పిలవకండి. సిలిండర్లో విషం ఉంటే లోతులో ఉన్నంతసేపూ మనిషి తట్టుకుంటాడు. పైకి వచ్చేకొద్దీ స్పృహ తప్పుతుంది. బడిపంతులుకి అయింది అదే. ముందు మంచి గాలి కిందికి పంపాలి. అది పీలుస్తూ మెల్లగా పైకి రావాలి. మంచి గాలి ఏదంటే, మీ కళ్ళు మండిన రోజున నింపిన సిలిండర్లు. ఈ రోజు మీకు పొగ రాకపోతే, ఈ రోజు నింపినవి విషం. గాలాయన సిలిండర్ల మీద తేదీ రాస్తాడు, ఆ పని చేసేవాళ్ళందరం రాస్తాం. పైకి వచ్చాక ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిజన్ పెట్టాలి.

ఇప్పుడు కారణం.

జనరేటరు పొగలో వాసన లేని విషం ఉంటుంది. పీల్చే గొట్టం దాన్ని లోపలికి లాగితే, ఫిల్టరు పొగ వాసనని పట్టుకుని విషాన్ని వదిలేస్తుంది. తెల్లగుడ్డ తెల్లగానే ఉంటుంది. ముక్కుకి ఏమీ తెలీదు. మీకు పొగ రాని రోజున అమ్మాయికి తలనొప్పి. మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. రేవు ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. దీవికున్న వైర్‌లెస్ ఆఫీసు పనులకేనట. ఎవరికన్నా ఏమన్నా అయిందా అని అడిగారు. ఇంకా కాలేదన్నాను. అయితే అయ్యాక చెప్పండి అన్నారు. అప్పుడే బస్సెక్కాను.

ఇదంతా నాకెలా తెలుసంటారు.

ఆ ఏడాది ఆ వారమంతా వానలు. జనరేటరు షెడ్డులోకి నీళ్ళొచ్చాయి. దాన్ని లాక్కొచ్చి కంప్రెసరు గది కిటికీ కింద పెట్టింది నేనే. గొట్టం పొడవు పెంచాలనుకున్నాను. స్టోరులో పైపు లేదు, సోమవారం వస్తుందన్నారు. గురువారం నింపాను, శుక్రవారం నింపాను. గుడ్డ పెట్టి చూశాను. తెల్లగా ఉంది. వాసన చూశాను. లేదు. శుక్రవారం మీ తమ్ముడి వీపుకి సిలిండరు కట్టింది ఈ చేతులే. "స్పానర్ నింపిన గాలి, రుచి చూసి మరీ నింపుతాడు" అని మీరు పైనుంచి అరిస్తే వాడు నవ్వాడు. ఆ నవ్వుతోనే దిగాడు.

గాబరా పడి మాస్కు పీకేసుకున్నాడని రిపోర్టు రాశారు. వాడు గాబరా పడే మనిషి కాదు. అప్పుడు నాకు తెలీదు, సంతకం పెట్టాను. మూడేళ్ళ తర్వాత ఒక కంప్రెసరు పుస్తకం తిరగేస్తుంటే రెండు పేజీల్లో ఇదంతా ఉంది. చదివిన రోజునే చెబుదామని మీ ఇంటికొచ్చాను. అక్క అన్నం పెట్టింది. మీరు ఏదో కథ చెప్పి నవ్వించారు. తిని వచ్చేశాను. ఆ తర్వాత రోజూ ఆ రోజే.

ఈ పడవ పదకొండు గంటలకి అక్కడికి చేరుతుందట. వాళ్ళు దిగేది పదికి అని రాశారు. పడవలో చోటు లేదు. లేకపోతే నేనే వచ్చేవాణ్ణి.

నన్నేం చేసినా సరే. ముందు అమ్మాయి.

❖

దీవి, పన్నెండో గది
గురువారం

స్పానరూ,

అమ్మాయి బతికే ఉంది. పక్కమంచం మీద కూర్చుని రొట్టె తింటూ, తాతయ్యా నీ అక్షరాలు చూస్తే నీ కళ్ళు పరీక్షించాలనిపిస్తోంది అంటోంది. ఆ ముక్క ముందు రాసేశాను.

నిన్న పొద్దున పొగ రాలేదు. భోజనాల గదిలో కిటికీ తెరుచుకుని హాయిగా టీ తాగాను. వాన మబ్బు పట్టిందని పంతులమ్మ పదింటికి దింపాల్సింది పదిన్నరకి దింపింది. ఆ మబ్బుకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. పదకొండుకి ఐదు నిమిషాల ముందు పడవ వచ్చింది. పడవవాడు దిగుతూనే నా పేరడిగి ఉత్తరం చేతిలో పెట్టాడు. విప్పగానే "బావగారికి" అని ఉంది. ఇన్నేళ్ళలో నన్ను గారు అన్నది అదే మొదలు. విషయం తర్వాత. ఆ గారు చూసే ఇది తమాషా ఉత్తరం కాదని తెలిసింది.

మొదటి పేరా చదివాను. నువ్వు చెప్పినట్టు అక్కడే ఆపాను. చెప్పులు పట్టుకుని గాలి గదికి పరుగెత్తాను. గాలాయన తీరిగ్గా రెంచీలు తుడుచుకుంటున్నాడు.

"చదువు," అన్నాను.

చదివాడు. "గుడ్డ తెల్లగా ఉందండీ. నేను చూశాను. మీకు తెలీదు, నేను రోజూ చూస్తాను," అన్నాడు.

"నీకు తలనొప్పి ఉందా?"

గోడకేసి చూశాడు. కిటికీ బయట పొగ తిన్నగా గొట్టం మూతిలోకి వంగి, దారి తెలిసినట్టు, లోపలికి పోతోంది. ఆ మనిషి మొహంలో రక్తం పోవడం చూశాను. కింద ఉన్నది వాళ్ళావిడ కూడా.

"మంగళవారం," అన్నాను. "మంగళవారం నా కళ్ళు మండాయి. సూపులో కన్నీళ్ళు పడ్డాయి. మంగళవారం నింపినవి ఏవి?"

సుద్దముక్కతో తేదీ రాసిన సిలిండర్లు మూలన నాలుగున్నాయి. మంగళవారం గాలి ఎక్కువై ఎవరూ దిగలేదు కాబట్టి మిగిలాయి. ఇద్దరం చెరో రెండు మోసుకుని పడవవాడి పడవలోనే వెళ్ళాం. కళ్ళు మూసుకోలేదురా. మొదటిసారి కళ్ళు తెరిచి సముద్రాన్ని చూశాను. మామూలు నీళ్ళే. అందులో ఏమీ రాసి లేదు.

బుడగలు కనిపించాయి. రెండు వరసలు. గాలాయన ఒకటి వీపుకి కట్టుకుని, రెండు చంకల్లో పెట్టుకుని దూకాడు. అక్కడితో నా పని అయిపోయింది. నువ్వు పైకి పిలవొద్దన్నావు. పిలిస్తే పోతారు, పిలవకపోతే అక్కడి గాలి పీలుస్తూ పోతారు. పడవ అంచు మీద ఒక ముసలాడు రెండు చెప్పులు పట్టుకుని ఏం చేయగలడు చెప్పు? ఒక వరస బుడగలు ఆగిపోయాయి. లెక్కపెట్టాను. పన్నెండు అంకెల దాకా ఏమీ లేదు. పదమూడుకి మళ్ళీ వచ్చాయి, గుప్పున. నోట్లోంచి చెడ్డ గొట్టం తీసి మంచి గొట్టం పెట్టేప్పుడు అలా ఆగుతాయని గాలాయన తర్వాత చెప్పాడు. ఆ పన్నెండు అంకెల్లో ఏముందో నేనెవరికీ చెప్పను. మీ అక్కకి కూడా.

ఎంతోసేపటికి పైకొచ్చారు. అమ్మాయి పడవలో పడుకుని, "తాతయ్యా, ఓడలో మెట్లు చూశాను, కానీ ఎన్నో లెక్క తప్పింది. ఒకటి, రెండు తర్వాత ఏమిటో గుర్తురాలేదు," అని ఏడ్చింది. దవాఖానాలో సాయంత్రం దాకా ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి అంకెలు తిరిగొచ్చాయి. పంతులమ్మకి ఇంకా తల తిరుగుతోంది. జనరేటరు ఆపేశారు. గాలాయన ఆ తెల్లగుడ్డని చేతిలో పెట్టుకుని గది మెట్ల మీద కూర్చున్నాడు, పొద్దుట్నుంచీ.

ఇప్పుడు మిగతా పేరాల సంగతి. రాత్రి కాదు, ఇందాక వెలుతురులో చదివాను. రెండుసార్లు.

నిన్ను క్షమించాను అని రాద్దామని కలం పెట్టాను. రాలేదు. తిట్టి రాద్దామనుకున్నాను. అదీ రాలేదు. అందుకని నా దగ్గరున్నది రాస్తున్నాను.

ఆ శుక్రవారం పొద్దున తమ్ముడు లేవలేదు. అన్నయ్యా, నిన్నటి నుంచీ తల పగిలిపోతోంది, ఇవాళ పనికి పోను అన్నాడు. బద్ధకం, రాత్రంతా పేకాట ఆడుంటావు అన్నాను. దుప్పటి లాగేశాను. చొక్కా వాడి మొహాన విసిరాను. వాడు లేచి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళి క్రేనెక్కాను, వాడు నిజంగా దిగుతున్నాడో లేదో చూడ్డానికి. అందుకే దిగడం చూశాను. ఆ తలనొప్పి ఏమిటో నిన్నటి దాకా నాకు తెలీదు. సోమవారం అమ్మాయి కణతలు పట్టుకుంటే, బద్ధకం అన్న మాట నా నోటి దాకా వచ్చింది. మింగాను. ఎందుకు మింగానో ఇప్పుడు తెలిసింది.

గాలి నువ్వు నింపావు. దుప్పటి నేను లాగాను. ఇది నీ బరువు తగ్గించడానికి రాయట్లేదు. నీది నీకే ఉంది. నాది నాకుందని రాస్తున్నాను.

ఇంకొకటి. పడవవాణ్ణి అడిగాను, పాపం చోటు లేదన్నారట కదా అని. వాడు విచిత్రంగా చూశాడు. "చోటా? ఇరవై సీట్లండీ, ఏడుగురే ఎక్కారు. ఆ పెద్దాయన ఉత్తరం ఇచ్చి రెండుసార్లు మెట్లెక్కాడు, రెండుసార్లు దిగిపోయాడు. వస్తారా సార్ అంటే, నన్ను చూస్తే ఆయన ఉత్తరం చదవడు అన్నాడు," అని చెప్పాడు.

బుధవారం పడవకి రా. గాలాయన గొట్టం ఎటు తిప్పాలో తెలీక కూర్చున్నాడు, ఎవరో ఒకరు చూపించాలి. పన్నెండడుగుల పైపు ఒకటి పట్టుకురా. రేవు దగ్గర ఉంటానో లేదో ఇప్పుడే చెప్పలేను.

మీ బావ

❖

వర్క్‌షాపు వెనక గది
సోమవారం

బావా,

పన్నెండడుగులు చాలదు. గాలి ఎటు తిరిగినా తగలకుండా ఉండాలంటే పైకప్పు దాటించాలి. ముప్పై అడుగులు కొన్నాను. చుట్ట చుట్టి తలుపు దగ్గర పెట్టాను. కొన్న దగ్గర్నుంచీ దాన్ని దాటి నడుస్తున్నాను.

దుప్పటి సంగతి చదివాను. అక్కకి చెప్పలేదు.

బుధవారం ఎక్కుతాను. రేవు దగ్గర నువ్వు లేకపోయినా దిగుతాను.

స్పానర్